భుజం మీద ఎనిమిది కన్నాలు

"రిపేరత్తగారూ, హెరిటేజ్ కోటు పట్రండి!" అని వానకోట్ల కంపెనీ యజమాని అల్లుడుగారు ఫోన్లో అరిచారు. పాత కోట్లు బాగుచేసే ఆవిణ్ని కంపెనీలో అందరూ పిలిచే పేరది. మరమ్మతుల గదిలో కుట్టుమిషన్ల మోతకి ఆవిడ చెవిన పడింది మాత్రం "గ్యారేజ్ కోటు". లారీ కింద దూరే మెకానిక్ వీపు కింద పరుచుకునే జిడ్డు కోటుని పట్టుకెళ్లి, ఆవిడ ఆయన గాజుబల్ల మీద పరిచింది.

"ఇదేంటి? ఇదా మన వారసత్వం?" అల్లుడుగారు ముక్కు మూసుకున్నారు.

"నిన్నటిదాకా దాన్ని పాత కోటనే అనేవారుగా బాబూ! పాతదానికి కొత్త పేరు పెడితే నా పాత చెవులకెలా ఎక్కుతుంది?" అని, ఆవిడ వెళ్లి అసలుది తెచ్చింది.

అసలుదంటే, అల్లుడుగారి మావగారైన పెద్దాయన కరెంటు స్తంభాలెక్కే లైన్‌మెన్ కోసం కుట్టించిన నూనె కాన్వాసు వానకోటు. దానికి ముందు తారు పూసిన గుడ్డ ఉండేది. ఎండ కాస్తే కరిగి, కట్టుకున్న పెళ్లాం కన్నా గట్టిగా మనిషిని పట్టుకునేది. కాన్వాసు తర్వాత రబ్బరొచ్చింది. వాన లోపలికి రాదు, చెమట బయటికి పోదు, మనిషి ఆవిరికుడుమై దిగేవాడు. ప్రతి మార్పూ ఎవడో ఒకడు తడిసి, వణికి, తిట్టిన తిట్టులోంచి పుట్టింది. అల్లుడుగారి మార్పులు మాత్రం అద్దంలోంచి పుట్టాయి.

పాత కోటుని నాలుగు వైపులా ఫోటోలు తీసుకుని, వారం తిరక్కుండా ఉల్లిపొరలాంటి గుడ్డతో కొత్త కోటుకి డిజైను గీశారు. పాతదాని మీద ఉన్నట్టే, కుడి భుజం మీద ఇత్తడి రింగులతో ఎనిమిది కన్నాలు. "శ్వాసరంధ్రాలు! పూర్వీకుల తెలివి చూశారా?"

"బాబూ, అవి..."

"కుట్టడం మీ పని. ఆలోచించడం నా పని."

తల లేనివాడు టోపీ కుట్టించుకున్నట్టుందని రిపేరత్త మనసులోనే అనుకుని నోరు కుట్టేసుకుంది.

నెలలో రెండు వందల కోట్లు తయారయ్యాయి. పన్నులవాళ్లు పరిగెత్తుకు రానక్కర్లేదు, తొడుక్కునే కోట్లే. అవన్నీ లైన్‌మెన్‌కే వెళ్తాయి. వాళ్లలో ఒకడు రిపేరత్త తమ్ముడు. గాలివానలో స్తంభం మీద ఒళ్లు తడిస్తే వేళ్లు కొయ్యబారతాయి. వేళ్లు పట్టు తప్పితే తమ్ముడు దక్కడు.

అదృష్టం కొద్దీ పెద్దాయన పెట్టిన ఆచారం ఒకటి ఇంకా బతికుంది. కోటు గీసినవాడే దాన్ని తొడుక్కుని, లోపలి జేబులో ఆ రోజు పేపరు పెట్టుకుని, పెరట్లో గొట్టం కింద పావుగంట నిలబడాలి. పేపరు పొడిగా ఉంటేనే రిపేరత్త రిజిస్టరులో సంతకం పెడుతుంది. సంతకం పడనిదే లారీ కదలదు.

"ల్యాబ్ సర్టిఫికెట్ ఉండగా ఈ మొరటు పనేంటి మావయ్యా?" అన్నారు అల్లుడుగారు, పెరట్లో చేరిన పనివాళ్లందరి ముందూ.

"ల్యాబు స్తంభమెక్కుతుందా అల్లుడూ?" కుర్చీలోంచి కదలకుండానే అడిగాడు పెద్దాయన.

అల్లుడుగారు కోటు తొడుక్కుని, ఫోటోకి నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడ్డారు. రిపేరత్త గొట్టం తిప్పింది.

"చేతులెత్తండి బాబూ! చేతులు కట్టుకుని తీగ బిగించే లైన్‌మన్ని నేనింకా చూళ్లేదు."

ఎత్తారు. ఆ మొహంలో ముందు గీర, తర్వాత గిలి, ఆ తర్వాత గిలగిల. పావుగంటెక్కడ? అయిదు నిమిషాలకే "ఆపండత్తా!" అని కేక. జేబులో చెయ్యి పెడితే పేపరు కాదు, పిండిముద్ద వచ్చింది.

"వాతావరణం ఏమని రాశారత్తా అందులో?" అడిగాడు ప్యాకింగ్ మేస్త్రి.

"జల్లులు పడొచ్చన్నారు. అదొక్కటే నిజమైంది."

పెరడంతా పగలబడి నవ్వింది. రిపేరత్త మాత్రం నవ్వలేదు. రిజిస్టరు మూసి చంకన పెట్టుకుంది. "రెండు వందల భుజాలకీ లోపల పొర వేసి, పైన తోలు కుట్టేదాకా నా సంతకం రాదు పెద్దయ్యా. తర్వాత మళ్లీ గొట్టం కిందకే."

"కుట్టండి," అన్నాడు పెద్దాయన.

"తోలెందుకు?" అల్లుడుగారి పళ్లు టకటకలాడాయి. "శ్వాసరంధ్రాలు మూసేస్తే..."

ఆవిడ పాత కోటు తెప్పించి, భుజం అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుంది.

"శ్వాసా లేదు, గీసా లేదు. తీగచుట్ట మోసి మోసి భుజం దగ్గర గుడ్డ చిరిగిపోతోందని ఇక్కడ తోలుపట్టీ ఉండేది. ఈ ఎనిమిది కన్నాల్లోంచి దాన్ని తాడుతో కట్టేవాళ్లం. కింద ఇంకో పొర ఉండేది, చుక్క దిగేది కాదు. పట్టీనీ పొరనీ గోడౌన్లో ఎలుకలు తినేశాయి, ఇత్తడి కొరుకుడు పడక కన్నాలు వదిలేశాయి. మీరు మనసుపడి గీసింది మన పూర్వీకుల తెలివి కాదు బాబూ, ఎలుకల ఎంగిలి."