దగ్గినా కదలని గడ్డ

తెల్లవారేసరికి అందరి నాడీ చూడాలి. జ్వరం లెక్కల పట్టీలు నింపాలి. జ్వరానికి ఏపీసీ మాత్రలు పంచి, మింగిందాకా మంచం దగ్గరే నిలబడాలి. లేకపోతే తలగడ కింద దాచుకుంటారు. కాచిన నీళ్ల బిందెలు నిండాయో లేదో చూడాలి. పోయినవాళ్లను ఎండెక్కకముందే పంపించాలి. దగ్గుతూ వచ్చినవాళ్లను బయట గదిలో ఆపకుండా నేరుగా వార్డుకు తోలాలి.

వీటిలో కత్తి పట్టే పని ఒక్కటీ లేదు. మీరావలి మాత్రం సర్జరీలో హౌస్ సర్జను. పత్తి చేలు కౌలుకు చేసుకునే ఇంట్లో మొదట చదువుకున్నవాడు. కొడుకు కోతల డాక్టరవుతున్నాడని తండ్రి పెదనందిపాడు సంతలో కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. 1957 మృగశిర కార్తెలో గుంటూరుకు ఫ్లూ వచ్చింది. మీరావలి పనిచేసే ఆసుపత్రిలో ఆపరేషన్లు ఆపేసి థియేటరుకు తాళం వేశారు, సర్జరీ వార్డును జ్వరాలకు ఇచ్చారు. చివరికి సర్జరీ చీఫ్ గారే మంచాన పడ్డారు. ఏడాది శిక్షణలో సగం గడిచిపోయింది. మీరావలి తన చేత్తో ఒక్క కోతా కోయలేదు.

సందె వేళ వార్డులో ఒక వింత జరిగేది. గుమ్మం పక్క మంచంలో ఒకరు దగ్గేవారు. ఆ దగ్గు పక్క మంచానికి, అక్కణ్నించి ఆ పక్క మంచానికి, పైరు మీద గాలి పోయినట్టు చివరిదాకా పోయేది. తర్వాత వార్డంతా నిశ్శబ్దం. అప్పుడు వరండా అవతల, తాళం వేసిన థియేటరులోంచి ఒక్క దగ్గు వినిపించేది.

"విన్నావా?" అన్నాడు మీరావలి.

"విన్నా," అన్నాడు తోటి హౌస్ సర్జను సంజీవరావు. "నిద్ర లేనోడికి గోడలు కూడా దగ్గుతాయిరా మీరా. పోయి పడుకో."

తను మాత్రం అటువైపు చూడలేదు.

మర్నాడు బుల్లయ్య అనే రైతుకూలీ తన అత్తగారిని బండిలో తెచ్చాడు. పేరు గురవమ్మ. దగ్గుతోంది, వాంతులు చేసుకుంటోంది. మీరావలి తలెత్తకుండానే వార్డువైపు చెయ్యి చూపించాడు.

"నాది మీ జ్వరం దగ్గు కాదయ్యా," అందామె. "మిరప కొట్లో తొడిమలు తుంచే మనిషిని. పెళ్లయిన కాణ్నించీ దగ్గుతానే ఉన్నా. మా కొట్లో దగ్గనోళ్లని పన్లో పెట్టుకోరు, పని చేయట్లేదనుకుంటారు."

ఒళ్లు కాలడం లేదు. సాయంత్రానికి కాలుతుందిలే అనుకున్నాడతను. గుంటూరులో ఘాటుకి దగ్గే దగ్గేదో, ఫ్లూ దగ్గేదో విడదీసే తీరిక ఆ రోజుల్లో ఎవరికీ లేదు. దగ్గితే చాలు, మంచం ఎక్కించారు.

ఆ మర్నాటి సందె వేళ దగ్గు గుమ్మం దగ్గర బయలుదేరింది. మంచం తర్వాత మంచం దాటి గురవమ్మ దగ్గరికి వచ్చేసరికి తెగింది. ఆమె దగ్గలేదు. ఆమెను దాటి దగ్గు వరస చివరిదాకా పోయి అంతా ఊరుకున్నాక, ఆమె ఒక్కతే దగ్గింది. థియేటరు బదులు పలకలేదు.

మీరావలి ఆమె మంచం వైపు నడిచాడు. వెళ్లి చూస్తే ఆమె మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని ఉంది.

"ఎక్కడమ్మా నొప్పి?"

"చెప్పుకునే చోటు కాదు బాబూ."

సిస్టర్ ఎలీసమ్మ తెర అడ్డం పెట్టింది. గజ్జలో నిమ్మకాయంత గడ్డ. మీరావలి దానిమీద వేళ్లు ఆనించాడు. చీఫ్ గారు మొదటి రోజే నేర్పిన పాఠం: పేగు జారిందనుకుంటే దగ్గించి చూడు. గడ్డ వేలిని తన్నితే వ్యవధి ఉంది. తన్నకపోతే లోపల పేగు బిగిసిపోయింది, వ్యవధి లేదు. ఫ్లూ వచ్చాక అతను ఎవరినీ దగ్గమనలేదు. దగ్గొద్దు, మొహానికి గుడ్డ పెట్టుకో అనడమే.

"ఒకసారి దగ్గమ్మా."

"నిన్నంతా దగ్గొద్దని చంపుకు తిన్నావు," అంటూనే ఆమె దగ్గింది. మంచం కదిలింది. గడ్డ రాయిలా ఉంది.

చీఫ్ గారింటికి మనిషిని పరిగెత్తించారు. తలుపు సందులోంచి ఆయన చెప్పిన మాటలు అతను మోసుకొచ్చాడు: "థియేటరుకు తీసుకెళ్లండి. పేగు నల్లబడి ఉంటే వేడి ఉప్పునీటి గుడ్డ కప్పి ఆగండి. రంగొస్తే లోపలికి పంపండి. రాకపోతే..." ఆ తర్వాత దగ్గు తెర వచ్చిందనీ, అది ఆగలేదనీ చెప్పాడు.

థియేటరు తాళం తీశారు. లోపల ఎవరూ లేరు. ఇన్నాళ్లు మూసిన గదిలో ముక్క వాసన ఉండాలి. లేదు. ఎవరో ఇప్పుడే ఊపిరి వదిలి వెళ్లినట్టు గాలి వెచ్చగా ఉంది.

సంజీవరావు మత్తుకు ఈథరు చుక్కలు వేశాడు. మీరావలి కోశాడు. పేగు చుట్టూ బిగుసుకున్న పట్టీ తెగాక పేగు బయటికొచ్చింది, పండిన నేరేడు రంగులో. గుడ్డ కప్పాడు. ఆగాడు. రంగు రాకపోతే ఆ ముక్క కోసి కుట్టడం అతను చూశాడే గాని చెయ్యలేదు.

అప్పుడు వెనకనుంచి ఎవరో దగ్గారు. దగ్గరగా, మెడ మీదికి.

సంజీవరావు చెయ్యి ఆగిపోయింది. మీరావలి మెడ తిప్పబోయాడు.

"అటు చూడకండి డాక్టరు గారూ," అంది ఎలీసమ్మ, ముందుకే చూస్తూ. "పేగు చూడండి."

చూశాడు. గుడ్డ ఎత్తితే అంచున చిన్న ఎరుపు. మళ్లీ కప్పి ఎత్తితే ఇంకొంచెం. చూస్తుండగానే రంగు పాకింది. పేగును లోపలికి పంపి కుట్లు వేశాడు.

గురవమ్మ గంజి తాగింది, అల్లుణ్ని తిట్టింది. కోత శుభ్రంగా మానుతోంది. ఖాళీ మంచం వేరే ఎక్కడా లేక ఆమెను తిరిగి అదే వార్డులో పడుకోబెట్టారు. కుట్లు విప్పే వేళకు ఒళ్లు కాలింది. ఆ సందె వేళ దగ్గు గుమ్మం దగ్గర బయలుదేరి, తెగకుండా ఆమె మీదుగా పోయింది. తర్వాత రెండు తెల్లవారుజాములే ఆమె చూసింది.

చీఫ్ గారు కోలుకుని కర్ర ఊతంతో వచ్చారు. శవం మీద గుడ్డ తొలగించి కుట్లు చూశారు.

"ఎవరు చేశారు?"

"నేనేనండి."

"చక్కగా చేశావు," అని ఆయన గుడ్డ కప్పేశారు.

బయట బుల్లయ్య నిలబడి ఉన్నాడు. "కోత మానిందన్నారు కదయ్యా."

"మానింది."

"మరెట్టా పోయింది?"

ఫ్లూ అని ఒక్క మాటంటే సరిపోయేది. ఊళ్లో అందరికీ ఆ మాటే చెబుతున్నారు. "ఆమె వచ్చినప్పుడు ఆ జ్వరం లేదు బుల్లయ్యా," అన్నాడు మీరావలి. "చెప్పింది కూడా. నేను వినకుండా ఇక్కడ పడుకోబెట్టాను. ఇక్కడే అంటుకుంది."

బుల్లయ్య అతని చేతులవైపు చూశాడు. తర్వాత బండి కట్టడానికి వెళ్లిపోయాడు.

ఆ ఏడు ఫ్లూతో పోయినవాళ్లలో ఆమెను కలిపేశారు. చదివిన మీరైనా విడిగా గుర్తుంచుకోండి. ఆమె పేరు గురవమ్మ. తన ఒంటి సంగతి తనకు తెలుసు. అడక్కుండానే చెప్పింది.