బొట్టు పెట్టిన సర్వర్

పొద్దున్నుంచీ బృందకు ఒకటే ఆవులింతలు. విరుదునగర్ డయాలిసిస్ ఆసుపత్రిలో అసలు సర్వర్ డిస్కు మూలుగుతోందనీ, రెండు గంటలకు దానిలోదంతా తుడిచేసి కొత్తది వేస్తాననీ అక్కడి టెక్నీషియన్ హరికృష్ణన్ ఫోన్ చేశాడు.

"బ్యాకప్ ఉంది కదా పాపా?"

"దినమూ తీస్తానే ఉండాను అన్నా. నువ్వు కానీ."

అసలు సర్వర్ మీద బరువు పడకుండా, బ్యాకప్ అంతా తను పనిచేసే కోవిల్‌పట్టి శాఖలో ఉన్న స్టాండ్‌బై సర్వర్ నుంచే తీసేది ఆమె. విరుదునగర్‌లో ఎక్కించిన ప్రతి అక్షరం ఆవు వెంట దూడలా ఇక్కడికి వచ్చి చేరాలి. రోజూ తెర మీద "పూర్తయింది" అని పడేది. ఆ ఒక్క మాట చూసి బృంద ఇంకో పనిలో పడేది.

ఒంటిగంటన్నరకు, ఎందుకో మనసు ఒప్పక, బ్యాకప్ విప్పి మూక్కన్ పేరు వెతికింది. సోమవారం కొత్తగా చేరిన ఎట్టయాపురం తాత. పేరు లేదు. ఆయుధపూజ తర్వాత ఎవరి పేరూ లేదు. ఎనిమిది రోజుల రోగుల బరువులు, మందులు, ఏవీ లేవు. ఇప్పుడవి ఉన్నది హరికృష్ణన్ తుడవబోయే డిస్కులోనే.

హరికృష్ణన్ ఫోను ఎత్తలేదు. మళ్లీ చేసి, చెవికి ఆనించుకునే సర్వర్ గదికి పోయింది. పెట్టె నుదుట గంధం, కుంకుమ ఎండి పెచ్చులు కట్టాయి. వెనక, వాడిన బంతిపూల దండతో పాటు విరుదునగర్‌తో కలిపే నెట్‌వర్క్ వైరు వేలాడుతోంది.

"పాలసామి తాతా, ఈ వొయిరు ఎవరు పీకిరి?"

"అన్ని వొయిర్లూ నేనే పీకితిని," అన్నాడు వాచ్‌మన్. "పూసె దినం ఆయుదానికి పని చెప్పొచ్చునా అమ్మా? మర్నాడు కరెంటు, మిగతా వొయిర్లూ పెడ్తిని. పచ్చ లైటు వెలిగె."

"మరి ఇది?"

"దండ దారమనుకొంటిని."

తిట్టడానికి కూడా ఓపిక లేదు. అంతలో ఫోను మోగింది.

"ఎన్నెపరోటా తినను పోతిని పాపా. చెయ్యి కడుక్కొని వచ్చి తుడిచేస్తా."

"వద్దన్నా!"

"చెయ్యి కడగొద్దా?"

"డిస్కు ముట్టొద్దు సామీ!"

బృంద వైరును మళ్లీ దాని చోట గుచ్చింది. అసలు సర్వర్ దాచి ఉంచిన ఎనిమిది రోజుల రాతలూ ఒక్కో తేదీగా రాసాగాయి. బృంద స్టూలు మీద కూలబడింది. పాలసామి టీ తెచ్చాడు.

"వచ్చే పూసెకు?"

"బొట్టు పెట్టు తాతా. నిద్రపుచ్చొద్దు."

అయిదింటికి కొత్త బ్యాకప్ "పూర్తయింది" అంది. బృంద నమ్మలేదు. విప్పి చూసింది.

మూక్కన్. యాభై రెండు కిలోలు.

అప్పుడు విరుదునగర్‌కు ఫోన్ చేసింది. "ఇప్పుడు తుడువు అన్నా."