అలమారాలో పొగసీసా పక్కన

నేను ఒక విస్కీ సీసాను. ఏ ఊరిదానివని అడిగితే మాత్రం తల దించుకుంటాను. నాలో పోసిన సరుకు చక్కెర మిల్లుల్లో మిగిలిన మడ్డి నుంచి పుట్టింది. ఆ మడ్డి ఎక్కడెక్కడి నుంచో లారీల్లో వచ్చింది. నీళ్ళు ఫ్యాక్టరీ బోరువి. రంగు మాడ్చిన చక్కెరది. లేబుల్ మీద మాత్రం నేనెన్నడూ చూడని ఒక చలిదేశపు కోట బొమ్మ వేశారు. తాము పుట్టని ఊరిని ఒంటికి అతికించుకోవడం మనుషులకి ఇష్టం కాబోలు.

మిలిటరీ కోటాలో నన్ను కొన్నది సుబేదారు పేరయ్య. రిటైరయ్యాక కనిగిరి దగ్గర పల్లెలో ఉంటున్నాడు. నన్ను తీసుకెళ్ళి అద్దాల అలమారాలో పెట్టాడు. అక్కడ నాకంటే ముందే ఒక స్కాచ్ సీసా ఉంది. ఆయన పై ఆఫీసరు కానుకగా ఇచ్చింది.

దానికి ఊరుంది. వచ్చినవాళ్ళందరికీ పేరయ్య ఆ ఊరి కథ చెప్పేవాడు. "అదొక దీవి. కట్టెలు దొరకవు. బురదనేలను పెళ్ళలుగా తవ్వి, ఎండబెట్టి కాలుస్తారు. మొలకెత్తిన బార్లీని ఆ పొగ మీదే ఆరబెడతారు. అందుకే తాగితే పొగ తగులుతుంది, ఉప్పుగాలి తగులుతుంది. అదే దేశంలో ఏటి లోయల్లో చేసిందైతే పండులా తియ్యగా ఉంటుంది. అంతా నేలను బట్టే." నా మీద చూపు పడితే, "ఇదా, మామూలుది" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా పక్కదాని మూత ఊడి నేలపాలైతే బాగుండు అనుకునేదాన్ని.

పేరయ్య భార్య మాలకొండమ్మకి ఒక్కడే తమ్ముడు, మాల్యాద్రి. పొగాకు రైతు. ఆకు బ్యారన్ కొట్టంలో పొయ్యి వేడికి ఆరినన్నాళ్ళూ అక్కడే ఉంటాడు. కొన్నేళ్ళ కిందట ఒక పెళ్ళి బంతిలో అతను పక్కన కూర్చోబోతే పేరయ్య నలుగురిలో, "అవతల కూర్చో, పొగకంపు కొడుతున్నావ్" అన్నాడు. అప్పటినుంచి మాల్యాద్రి అక్క గడప తొక్కలేదు. ఈ ఏడాది మాలకొండమ్మ ఏడ్చి కబురు పంపితే వచ్చాడు. ఈసారి వెళ్ళిపోతే ఇక రాడని ఆమె భయం.

తప్పయిందన్న మాట పేరయ్య నోట రాలేదు. స్కాచ్ సీసా దించాడు. మగవాళ్ళు నోటితో అనలేనిది గ్లాసులో పోస్తారు. నాకు ఒళ్ళు మండింది.

మాల్యాద్రి వాసన చూసి గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇదేంది బావా, నా బ్యారన్ పొయ్యి వాసన."

"అదేరా దాని గొప్ప. ఆ దీవి పొగ."

"దీవి పొగైతే గొప్ప, నా పొగైతే కంపు. అంతేగా?"

గుమ్మంలో ఉన్న మాలకొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాల్యాద్రి కండువా దులిపి లేచాడు. నాకు ఎంత సంబరమో చెప్పలేను. ఆమె తమ్ముణ్ణి పోగొట్టుకుంటోందన్న ధ్యాసే లేదు నాకు. అసూయ అలాంటిది.

పేరయ్య తన గ్లాసు తాగాడు. బావమరిది గ్లాసు కూడా అందుకుని గటగటా తాగేసి, కళ్ళనీళ్ళు వచ్చేలా దగ్గాడు.

"ఇప్పుడు నాకూ అదే కంపు. ఇక కూర్చోరా."

"మీసాలకి కూడా పూసుకో బావా. ఒక్క గుక్కతో నా అంత కంపు రాదు."

ముందు మాలకొండమ్మ నవ్వింది. తర్వాత మాల్యాద్రి కూర్చున్నాడు.

వాళ్ళని కలిపింది ఆ స్కాచే, నేను కాదు. ఆపైన నన్నూ దించారు. వేయించిన వేరుశనగపప్పుతో, సోడాతో ఖాళీ చేశారు. నా రుచి ఎలా ఉందో ఒక్కరూ అనలేదు. దాని గురించి మాట్లాడారు, నన్ను తాగారు.

మర్నాడు మాలకొండమ్మ నన్ను కడిగి, నువ్వులనూనె పోసి తమ్ముడి చేతికిచ్చింది. "అయిన వాళ్ళింటి సీసా ఖాళీగా తిరిగియ్యకూడదు, తెలుసుగా" అంది. మళ్ళీ రమ్మనడం అన్నమాట.

నూనె అయిపోగానే అతను నాలో తేనె నింపుకుని వచ్చాడు. ఆమె ఒక్క చుక్క వేలితో నాకి కళ్ళు మూసుకుంది.

"మన గుట్ట మీద వేపపూత తేనె. చివర్లో చేదు చూడు" అంది.

లేబుల్ చూడకుండా, ఎవరూ చెప్పకుండా, ఒక్క చుక్కకే పుట్టింటి గుట్టను గుర్తుపట్టింది. ఆ ఒక్క మాట కోసమే కదా నేను ఇన్నాళ్ళూ కుళ్ళుకుంది. తీరా ఆమె అన్నది తేనెని, నన్ను కాదు.

ఇప్పుడు స్కాచ్ మీద నాకు కోపం లేదు. నా కడుపులో కూర్చున్న ఈ తేనెని చూస్తేనే ఓర్వలేకుండా ఉన్నాను.