తూటాల దిబ్బ మీద తోటకూర

కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తే, ఒకప్పుడు సైనికులు తుపాకి పేల్చడం నేర్చుకున్న మైదానం వస్తుంది. గురిపెట్టి కాల్చిన తూటాలన్నీ దిగబడే మట్టికట్టను ఊళ్ళోవాళ్ళు తూటాల దిబ్బ అనేవారు. సైన్యం ఖాళీ చేసి వెళ్ళాక ప్రభుత్వం ఆ దిబ్బను చదును చేయించి, భూమిలేని కుటుంబాలకు పట్టాలిచ్చింది. స్వర్ణలతకూ ఆమె భర్త శామ్యూల్ రాజ్‌కూ దక్కిన పొలం చెక్క సరిగ్గా ఆ దిబ్బ ఉన్న చోటే. ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెబుతూ స్వర్ణలత ఏడ్చేసింది. తాతల నాటి నుంచీ పరాయి చేలల్లో నాట్లు ఊడ్చినవాళ్ళకు మొదటిసారి సొంత నేల వచ్చింది మరి.

తోటకూర, గోంగూర వేశారు. ఎక్కడ పార పెట్టినా తూటాలే. శామ్యూల్ రాజ్ వాటిని ఏరి, పెరటి పొయ్యి మీద కరిగించి, చేపల వలలకు బరువుగా కట్టే సీసపు గుళ్ళు పోసేవాడు. కూతురు రోజా గట్టున కూర్చుని మట్టిలో ఆడుకునేది.

బడిలో వేసే వయసుకు రోజాకు కడుపునొప్పి పట్టుకుంది. నులిపురుగుల మందు వేశారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. తగ్గలేదు. పైగా నిన్న పాడిన పాట ఇవాళ మరిచిపోయేది, చీటికీ మాటికీ కోపంతో చెయ్యి విసిరేది. చివరికి బందరు తీసుకెళ్తే, పిల్లల డాక్టరు వందన వాళ్ళ ఇంటి సంగతీ చేను సంగతీ అడిగి, రక్తపరీక్ష చేయించింది.

"ఒంట్లో సీసం చేరిందమ్మా. మందులతో కొంత తియ్యగలం. మెదడుకు జరిగిన నష్టం మాత్రం పూర్తిగా పోతుందని చెప్పలేను."

"మేం తినేది ఆ కూరేనండీ. ఊళ్ళో అందరూ అదే తింటారు," అంది స్వర్ణలత.

"అయితే పిల్లలందరికీ పరీక్ష చేయించాలి. ఆ మట్టినీ చూడాలి."

స్వర్ణలత ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి అధికారులను రప్పించింది. మట్టి తీసుకెళ్ళారు కానీ పిల్లలకు పరీక్షలు చేయించలేదు. నేలంతా సీసమేనని తేలింది. పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టారు.

"సాగుకిమ్మని మేం చెప్పలేదు," అన్నాడు సైన్యం తరఫున వచ్చిన ఆయన, మర్యాదగానే.

"సాగుకు పనికిరాదని మాకూ ఎవరూ చెప్పలేదు," అన్నాడు రెవిన్యూ అధికారి. తర్వాత శామ్యూల్ రాజ్ వైపు తిరిగాడు. "ఇంట్లో సీసం కరిగించింది నువ్వేగా? పిల్లకు దానివల్లే వచ్చుంటుంది."

"మరి మా కృపానందం బాబాయి మనవరాలికండీ? దానికీ ఇదే కడుపునొప్పి. వాళ్ళింట్లో ఏం కరిగించారు?" అంది స్వర్ణలత.

అందరూ పక్క చెక్క రైతు కృపానందం వైపు చూశారు. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"మా పిల్లకేం లేదండీ. శుభ్రంగా ఉంది."

పట్టా పోతుందన్న భయం ఆయనది. అది స్వర్ణలతకు తెలుసు. తెలిసినా ఒళ్ళు మండిపోయింది. శామ్యూల్ రాజ్ మాత్రం ఇంటికెళ్ళి పొయ్యిని కాలితో తన్ని కూల్చేశాడు. ఆ తర్వాత కూతుర్ని ఎత్తుకోవడానికే జంకేవాడు.

సాగు చేయరాదని బోర్డు పాతారు. వేరే నేల చూపిస్తామన్న మాట మీటింగుతోనే పోయింది. కూరలు కొనే బేరగాళ్ళు రావడం మానేశారు. ఊరు స్వర్ణలతతో మాట్లాడటం మానేసింది. కాపురం బందరుకు మార్చక తప్పలేదు. అతను ఐసు ఫ్యాక్టరీలో, ఆమె హాస్టల్లో అంట్లు తోమే పనిలో కుదురుకున్నారు. మందులకు రోజా కడుపునొప్పి తగ్గింది. అక్షరాలు మాత్రం నిలవడం లేదు.

ఒక ఉదయం బజారులో కృపానందం భార్య దయామణి కనిపించింది. ఎదురుగా గోనెసంచి మీద తోటకూర. చంకలో పాపతో ఒకావిడ బేరమాడుతోంది.

"అది ఎక్కడి కూర పిన్నీ?" అంది స్వర్ణలత.

"కూచిపూడిది," అంది దయామణి, తలెత్తకుండానే.

"అమ్మా, కొనకండి. విషపు నేలలో పండింది. నా బిడ్డ తిని పాడైపోయింది."

ఆవిడ కట్టను వదిలేసి గబగబా వెళ్ళిపోయింది. దయామణి ఆ కట్టను తీసి మళ్ళీ సర్దింది.

"బోర్డు పాతినోళ్ళు మాకు బువ్వ పెడుతున్నారా? ఏం తినమంటావు, చెప్పు!"

స్వర్ణలత హాస్టలుకు వేళ మించిపోతోందని కదిలింది. మర్నాటి నుంచి దయామణి ఆ వీధికి రాలేదు. ఇంకో వీధిలో కూర్చుంటోందని ఎవరో చెప్పారు.