సగమే పోయిన మనిషి

తెల్లారగానే కొట్టు తలుపు తీయడం, బల్ల మీద దుప్పటి సరిచేయడం, అత్త మోకాళ్లకి గుడ్డతో కాపడం పెట్టడం, ఆ తరవాతే బట్టల మూట విప్పడం. ఇస్త్రీ ఆవిడకి రోజూ ఇదే వరస. పెట్టెలో బొగ్గులు వేసే పని మాత్రం లేదు. బజార్లో బాంబు పేలి మొగుడు పోయినప్పటి నుంచి ఆ పెట్టె చల్లారింది లేదు. వీధిలో దీన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. బతికున్నన్నాళ్లూ పెళ్లాన్ని బొగ్గు ముట్టనివ్వని మనిషి, పోయాక ముట్టనిస్తాడా అనుకున్నారంతే. గుడ్డ మోకాలి మీద పడగానే అత్త, "ఇవాళ వేడి ఎక్కువ పెట్టాడు వెధవ" అని విసుక్కుని కళ్లు తుడుచుకునేది.

ఆ రోజు అతను వెళ్లింది మేడ మీద గుమాస్తాగారి చొక్కాలు ఇచ్చి రావడానికి. ఆయన బజార్లోనే ఎదురుపడితే అక్కడే చేతికిచ్చాడు. ఇద్దరూ అక్కడే పోయారు. గుమాస్తాగారికి జీతం చీటీ ఉంది కాబట్టి సర్కారు పరిహారం నడుచుకుంటూ వాళ్లింటికొచ్చింది. ఇస్త్రీ ఆవిడ ఇంటికి మాత్రం విచారణ వచ్చింది. ఇవతల కొట్టు యజమాని, కొంటావా ఖాళీ చేస్తావా, నెలాఖరుకి తేల్చమని కూర్చున్నాడు. పరిహారం మొత్తం చేతికొస్తే కొట్టు దక్కుతుంది. లేకపోతే అత్తా కోడళ్లిద్దరూ రోడ్డు మీదే.

విచారణకొచ్చినాయన మంచివాడే, పాపం. చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాడైతే ఆవిడ జాగ్రత్తగా ఉండేది. బస్సులో నలిగి నలిగి ఆయన చొక్కా చూడబుద్ధి కాకుండా ఉంది. నలిగిన చొక్కా కనబడితే ఆవిడ చేతులు ఊరుకోవు. ఇలా ఇవ్వండి సార్ అంది. ఆయన సిగ్గుపడుతూ విప్పిచ్చి బనీనుతో కూర్చున్నాడు. నీళ్లు చిలకరించి నాలుగు రుద్దులు రుద్దింది. పెట్టెలో బొగ్గులు లేవేమని ఆయన అడిగాడు.

"అక్కర్లేదు సార్. మా ఆయన చూసుకుంటున్నాడు."

ఆయన తలూపి, వెచ్చటి చొక్కా తొడుక్కుని, ఏదో రాసుకుని వెళ్లాడు. అంతే, కొంప మునిగింది. మృతుడు ఇంటి పోషణకు ఇప్పటికీ తోడ్పడుతున్నందువల్ల పరిహారంలో సగం కోత వేశారని కబురొచ్చింది. ఆవిడ లబోదిబోమంటూ ఆఫీసుకి పరిగెత్తింది. పోయినవాడు పోయాడనడానికి ఇంకేం కావాలని నిలదీసింది.

"పోయాడమ్మా, కాదనడం లేదు" అన్నాడాయన. "పూర్తిగా పోలేదు. రూల్స్ ప్రకారం సగమే పోయినట్టు."

"మరి చంపినవాళ్లు సగమే చంపారా సార్?"

ఆయన ఫైలు మూసి కట్టేశాడు. పెట్టె చల్లారితే చెప్పమన్నాడు, మళ్లీ వచ్చి చూస్తాడట.

దారి పొడుగునా ఆవిడకి ఒళ్లు మండిపోయింది. బాంబు పెట్టినవాళ్ల మీద మంట, ఆఫీసు మీద మంట, అన్నిటికంటే మొగుడి మీద మంట. చచ్చాక కూడా పని మానని మనిషికి ఈ లోకంలో దక్కేది జరిమానా! కొట్టుకొచ్చి పెట్టె ముందు నిలబడింది.

"చాలు, ఇంక మానెయ్" అంది. "కొట్టు పోతే మీ అమ్మని ఎక్కడ పడుకోబెట్టను?"

పెట్టె టక్కుమంది. పొద్దు వాలేలోగా రాయిలా చల్లబడిపోయింది.

కబురు పంపితే మర్నాడు పొద్దున్నే ఆయన వచ్చాడు. వచ్చి చూసేదాకా నిప్పు అంటించకూడదు కాబట్టి అత్త కాపడం లేకుండానే కూర్చుంది. ఆయన పెట్టె మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉంచాడు. "పూర్తిగా పోయాడమ్మా" అని రాసుకున్నాడు. చొక్కా ఈసారీ నలిగే ఉంది. ఆవిడ అడగలేదు. తరవాత డబ్బంతా వచ్చింది, కొట్టు ఆవిడదైంది, అదృష్టవంతురాలివే అన్నారు వీధిలోవాళ్లు.

ఆ పొద్దున మాత్రం, ఆయన అటు వెళ్లగానే ఆవిడ బొగ్గులు కొనుక్కొచ్చింది. విసిరి విసిరి రాజేసింది. కొట్టు నిండా పొగ. గుడ్డ వేడిచేసి అత్త మోకాలి మీద వేసింది. అత్త ఒకసారి తడిమి చూసి, పక్కన పెట్టేసింది.

"ఇది బొగ్గుల వేడి" అంది. "వాడు నా మాట ఎన్నడూ విన్నవాడు కాదే అమ్మాయ్. నీ మాట మాత్రం ఒక్కటీ జవదాటలేదు."

ఇస్త్రీ ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది. పొగ వల్ల అని చెప్పుకోవడానికి ఇప్పుడు బొగ్గులైనా ఉన్నాయి.