గొంతుకిచ్చిన కానుకలు

పదో పెళ్ళిరోజున చక్రవర్తి తన భార్య లయకు చిన్న ఇత్తడి గంట కొనిచ్చాడు.

పూజగదిలో పెట్టేది కాదు. అరచేతిలో ఇమిడేంత ఉంది, నల్లచెక్క పిడితో. చెన్నై సౌకార్‌పేటలో మూడు వీధులు గాలించి ఏరి తెచ్చాడు.

"వంటింట్లోంచి నన్ను కేకేస్తావు చూడు, ఇక నుంచి కేకలొద్దు. ఇది మోగించు, పరిగెత్తుకొస్తా. అది నీకు అన్నం పెట్టే గొంతు. నా మీద అరిచి పాడుచేసుకోకు," అన్నాడు.

లయకు కళ్ళు చెమర్చాయి. ఇలా ఆలోచించి కానుక తెచ్చే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?

"పట్టుకో, ఫోటో తీస్తా. గ్రూపులో పెట్టు. అందరూ కుళ్ళుకోవాలి," అని నవ్వాడు.

అది డబ్బింగ్ కళాకారుల వాట్సాప్ గ్రూపు. నూట నలభై మంది ఉంటారు. లయ గంటతో ఫోటో పెట్టి, కింద "నా గొంతు కోసం మావారి ప్రేమ" అని రాసింది. అంతకుముందు కూడా ఇలాగే పెట్టింది. ఆవిరి పట్టే మెషీను తెచ్చినప్పుడు పెట్టింది. థియేటర్ ఏసీ తగలకుండా మెడకు చుట్టుకునే పట్టు కండువా కొన్నప్పుడు పెట్టింది. కొడగు నుంచి తేనె తెప్పించినప్పుడు, "మాట్లాడే బదులు దీనిమీద రాయి" అని బుల్లి రైటింగ్ ప్యాడ్ ఇచ్చినప్పుడు కూడా పెట్టింది. ప్రతిసారీ వందల కొద్దీ పువ్వులు, దండాలు, కన్నీళ్ళ బొమ్మలు వచ్చేవి.

కన్నీళ్ళ బొమ్మలు ఎందుకో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

లయకు ముప్ఫై నాలుగేళ్ళు. తెనాలి నుంచి వచ్చి, పెద్ద హీరోయిన్లకు తెలుగు చెప్పిన గొంతు. చక్రవర్తి డబ్బింగ్ థియేటర్లలో సౌండ్ ఇంజనీర్. గాజు అద్దానికి అటు ఆమె, ఇటు అతను. అలాగే పరిచయం, అలాగే పెళ్ళి. కానీ పంతొమ్మిది నెలలుగా ఆమెను ఒక్కరూ పిలవలేదు. కొత్త గొంతులొచ్చాయి, తన గొంతు పాతబడిపోయింది అనుకుంది. ఆమె ఏడ్చిన ప్రతిసారీ చక్రవర్తి ఇంకో కానుక తెచ్చేవాడు.

మర్నాడు కోడంబాక్కం స్టేషన్ దగ్గర కూరగాయలు కొంటుంటే పరిమళ ఎదురైంది. ఏ పాత్రకు ఏ గొంతు సరిపోతుందో చూసి కళాకారుల్ని పిలిపించే మనిషి ఆమె. నాలుగు తరాలుగా చెన్నైలో ఉన్న తెలుగు కుటుంబం.

లయను చూడగానే పరిమళ ఆటో దిగి వచ్చి కావలించుకుంది. తర్వాత వెనక్కి జరిగి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు చేతులు తిప్పుతూ గట్టిగా అడిగింది.

"ఆపరేషన్ ఎప్పుడు మా? నువ్వు మాట్లాడొద్దు కన్నా! తల ఊపు సాలు."

"ఆపరేషన్ ఏంటి అక్కా?"

పరిమళ చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"అయ్యో, నీ గొంతు బాగనే ఉండాదే!"

"బాగోక ఏమైంది?"

"గొంతులో గడ్డంట కదా? అందురూ చెప్తా ఉండారు. ఆవిరి, తేనె, మెడకు గుడ్డ, రాసుకునే పలక. ఇప్పుడు గంట వేరే! నిన్న గంట చూసి మా ఇంట్లో అందురం ఏడ్సినాం మా. పాపం, మొగుణ్ణి పిలవను కూడా గొంతు రాలేదే అని."

లయ చేతిలోని సంచి జారి టమాటాలు రోడ్డు మీద దొర్లాయి. ఎవరూ పుకారు పుట్టించలేదు. ఆ ఫోటోలన్నీ తనే, తన చేత్తో, ఒకదాని తర్వాత ఒకటి పెట్టింది.

"అక్కా, నాకేం లేదు. ఒట్టు."

"సెరి సెరి, ఏడవొద్దు. ఆడ ఆనందన్ సార్ దగ్గిర తమిళ సీరీస్ ఒకటి ఉండాది, తెలుగు చెప్పాల. ఎనభై ఎపిసోడ్లు. హీరోయిన్‌కి గొంతు దొరక్క తల పట్టుకోని కూసోనున్నాడు. బేస్తవారం పదకొండుకి టెస్టు. వస్తా ఉండావా?"

వస్తానంది. ఇది పోతే ఇక తనను ఎవరూ పిలవరని ఆమెకు తెలుసు.

చక్రవర్తికి చెప్పగానే ఎగిరి గంతేశాడు. "పుకారు సంగతి నేను చూసుకుంటా. నువ్వు ప్రాక్టీస్ చెయ్," అన్నాడు. నిరుడు పుట్టినరోజుకు అతనిచ్చిన కానుక ఇంట్లోనే ఉంది. చిన్న బెడ్‌రూమును అద్దంతో రెండుగా చేసి కట్టిన రికార్డింగ్ గది.

మంగళవారం మధ్యాహ్నం ఆమె లోపల హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడింది. అతను బయట మిషన్ల ముందు కూర్చున్నాడు. నాలుగు పేజీలు చదివింది. ఐదో పేజీలో ఉండగా అతను టేబుల్ మీది బటన్ నొక్కి, "ఒక్క నిమిషం బంగారం, ఫోన్ వస్తోంది," అని వేలు తీసేశాడు.

థియేటర్లలో ఆ బటన్ నొక్కినంతసేపే ఇంజనీర్ మాట లోపలికి వినపడుతుంది. వేలు తీస్తే మైకు మూసుకుపోతుంది. పదహారేళ్ళుగా అతని వేలికి అదే అలవాటు. ఇంట్లో పెట్టింది చవక రకం. ఒకసారి నొక్కితే తెరుచుకుంటుంది, మళ్ళీ నొక్కితేగానీ మూసుకోదు.

అతను అద్దానికి వీపు పెట్టి ఫోన్ చెవికి ఆనించాడు.

"ఆనందన్ సార్, నేనే మీకు చేద్దామనుకుంటున్నా," అన్న గొంతు లయ చెవుల్లో స్పష్టంగా వినపడింది. "అవున్సార్, గడ్డే. ఆమె ఒప్పుకోదు సార్, ఏం లేదనే చెప్తుంది. పది ఎపిసోడ్లు చెప్పాక గొంతు ఆగిపోతే మీరు మునిగిపోతారు. డాక్టరు నోరే విప్పొద్దన్నాడు. టెస్టు వద్దు సార్. నేను చెప్పానని మాత్రం ఆమెకి తెలియనివ్వకండి. తట్టుకోలేదు."

కాస్త ఆగాడు.

"థాంక్యూ సార్. కిందటేడు ఆ పెద్దసినిమా వాళ్ళకీ ఇలాగే చెప్పాల్సి వచ్చింది. ఏం చేస్తాం, భార్య కదా."

అతను ఇటు తిరిగేసరికి లయ కాగితాల్లో తలదూర్చి ఉంది. ఐదో పేజీ మొదటి నుంచి చదివింది. ఒక్క అక్షరం కూడా తడబడలేదు.

"అదిరింది!" అని బొటనవేలు చూపించాడు చక్రవర్తి.

బుధవారం అతను పనికి వెళ్ళగానే ఆమె నాలుగు వీధుల అవతలి ఆనందన్ ఆఫీసుకు నడిచి వెళ్ళింది. ఆమెను చూసి ఆయన లేచి నిలబడి, "అయ్యయ్యో, మీరు పేసకూడదు, మాట్లాడకూడదు మేడమ్! కూచోండి, కూచోండి," అన్నాడు.

"అరిచే సీను ఉందా సార్?"

"ఏమిటీ?"

"హీరోయిన్ అరిచే సీను. అన్నిటికంటే పెద్దది ఇవ్వండి."

గొంతు చెడినవాళ్ళు మెల్లగా మాట్లాడి మోసం చెయ్యగలరేమోగానీ, అరిచి మోసం చెయ్యలేరు. ఆ సంగతి ఆ డబ్బింగ్ థియేటర్ల వీధుల్లో అందరికీ తెలుసు. ఆనందన్ ఏమనుకున్నాడోగానీ ఒక కాగితం ఇచ్చాడు. బిడ్డ శవం చూసిన తల్లి ఏడుపు అది.

లయ అరిచింది. ముప్ఫై సెకన్లు, విరగకుండా, బీట వారకుండా. పక్క గదుల్లోంచి మనుషులు పరిగెత్తుకొచ్చారు. ఆనందన్ చేతిలోని కాఫీ చొక్కా మీద ఒలికింది. అది తుడుచుకోకుండానే, చక్రవర్తి భార్య మీద బెంగతో పొరబడ్డాడనుకుని ఆయన సంతకాల కాగితాలు తెప్పించాడు.

సాయంత్రం చక్రవర్తి ఇంటికొచ్చేసరికి హాల్లో సూట్‌కేసు ఉంది.

"నిన్న నీ మైకు తెరిచే ఉంది," అంది లయ. పదేళ్ళలో మొదటిసారి అతన్ని 'నువ్వు' అంది.

 అతను బుకాయించలేదు. కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పుకున్నాడు.

"ఎందుకు?" అని అడిగింది.

"నా పెళ్ళాం ఎవడెవడికో 'నువ్వంటే ప్రాణం' అని చెప్తుంటే, అద్దానికి ఇవతల కూర్చుని సౌండ్ లెవెల్ చూసుకున్నది నేను లయా. 'ఇంకొంచెం ప్రేమగా చెప్పండి మేడమ్' అని డైరెక్టర్ అంటే మళ్ళీ బటన్ నొక్కిందీ నేనే. ఇంటికొచ్చేసరికి నీ గొంతు అలిసిపోయేది. నాకు మిగిలేది 'అన్నం పెట్టనా' ఒక్కటే. ఈ పంతొమ్మిది నెలలూ ఎన్ని మాట్లాడావు నాతో! ఎన్నేళ్ళకు దక్కాయి నాకు ఆ సాయంత్రాలు!"

"నేను ఏడ్చిన సాయంత్రాలు."

"ఏడ్చినా నా దగ్గరే ఏడ్చావు కదా."

లయ అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"అందుకని నన్ను రోగిష్టిదాన్ని చేశావా?"

"మొదట్లో నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఆవిరి మెషీను తెచ్చా, అంతే," అన్నాడు మెత్తగా. "ఫోటోలు పెట్టింది నువ్వే."

ఆమె సూట్‌కేసు తీసుకుని బయటికి నడిచింది. మెట్ల మీద అతను వెనకాలే వచ్చి బతిమాలాడు. తిట్టమన్నాడు, కొట్టమన్నాడు. వీధి మలుపు దాకా వచ్చాడు. ఆమె నోరు విప్పలేదు. అతను ఎక్కువగా వణికిపోయింది దానికేనని ఆమె గమనించింది.

మైలాపూరులో పరిమళ ఇంటి మేడమీద గది దొరికింది. చక్రవర్తి రోజుకు ముప్ఫైసార్లు ఫోన్ చేశాడు. తియ్యలేదు. "తిట్టయినా తిట్టు, ఒక్క వాయిస్ మెసేజ్ పంపు" అని రాశాడు. ఆమె గొంతు అతను వినక మూడు వారాలయ్యాక, లయ ఒక పొద్దున కాఫీ తాగుతూ పరిమళను అడిగింది.

"అక్కా, సీరీస్‌కి సౌండ్ ఇంజనీర్ కుదిరాడా?"

"లేదు మా. ఎవురన్నా ఉండారా?"

"చక్రవర్తి. పద్నాలుగున ఆయన పుట్టినరోజు. ఆ రోజు నుంచే పెట్టించు."

పరిమళ గ్లాసు కింద పెట్టింది. "నీకేమన్నా పిచ్చా? ఆ పాపిష్టోడికి పని ఇప్పిస్తావా? ఇంగా ప్రేమ ఉండాదా వాడి మింద?"

"కానుక ఇస్తున్నా అక్కా. పదేళ్ళు కాపురం చేశాను. ఆయనకు ఏం కావాలో నాకంటే బాగా ఎవరికి తెలుసు?"

పరిమళ ఆమె ముఖం కేసి చూసింది. తర్వాత మెల్లగా, "నీతో జాగ్రత్తగా ఉండాల మా," అంది.

పద్నాలుగో తారీఖు పొద్దున చక్రవర్తి తొమ్మిదికల్లా వచ్చి మిషన్ల ముందు కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. కొత్త చొక్కా వేసుకున్నాడు. లయ అద్దానికి అవతల నిలబడి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. అతనికేసి చూడలేదు.

"మొదట లవ్ సీన్ ముడిచ్చేద్దాం, ముందు అది అయిపోనీ," అన్నాడు ఆనందన్.

తెర మీద హీరోయిన్ పెదవులు కదిలాయి. "నువ్వు లేని ఇంట్లో నాకు ఊపిరి కూడా చప్పుడు చేయదు. నన్నొదిలి వెళ్ళకు," అంది లయ గొంతు.

చక్రవర్తి వేళ్ళు బల్ల అంచును పట్టుకున్నాయి.

"సూపర్! ఓకే," అన్నాడు ఆనందన్. "సౌండ్ ఎలా ఉంది సార్?"

"బాగుంది."

"నాకు నచ్చలేదు సార్," అంది లయ లోపలి నుంచి. "ఇంకొంచెం ప్రేమగా చెప్తాను."

చెప్పింది. మళ్ళీ నచ్చలేదంది. నాలుగోసారి గుసగుసగా చెప్పింది. ఏడోసారి నవ్వుతూ చెప్పింది. పదకొండోసారి చివరి మాట దగ్గర గొంతు పగలనిచ్చింది. ఆనందన్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. ప్రతి టేకుకీ రికార్డు బటన్ నొక్కాల్సింది చక్రవర్తే. ప్రతి మాటా అతని చెవుల్లో, ఆమె పెదవులు ఆనినంత దగ్గరగా వినపడుతోంది. ఏ ఒక్కటీ అతనికి కాదు. కన్నీళ్ళు గడ్డంలోకి జారుతున్నా తుడుచుకోలేదు. చేతులు బటన్ల మీద ఉన్నాయి.

ఆరింటికి పని ముగిసింది. మొత్తం ఒకటిన్నర ఎపిసోడ్ అయింది. లయ హెడ్‌ఫోన్లు తీసి, ఆనందన్‌కు నమస్కారం పెట్టి, మొగుడి కుర్చీ పక్కనుంచే ఒక్క మాట లేకుండా వెళ్ళిపోయింది.

చక్రవర్తి ఆమె వెళ్ళిన తలుపు కేసే చూస్తూ కూర్చున్నాడు.

"ఒంట్లో బాగాలేదా సార్?" అడిగాడు ఆనందన్ ఇబ్బందిగా. "మీరిద్దరూ విడిగా ఉంటున్నారని పరిమళ ఇప్పుడే చెప్పింది. నాకు ముందు తెలియదు. కష్టమైతే వేరే ఇంజనీర్‌ని చూసుకుంటాను, తప్పేం లేదు."

"వద్దు సార్! వద్దు," అంటూ చక్రవర్తి లేచి నిలబడ్డాడు.  "రేపు ఎన్నింటికి?"

"మేడమ్ తొమ్మిదికొస్తారు."

"నేను ఎనిమిదికే వచ్చి అన్నీ సిద్ధం చేసి పెడతా."