జ్ఞానకుమారి వంతు

మోటారు స్విచ్చి పక్కన గోడ మీద సుద్దముక్కతో రాసిన ఏడు పేర్లుండేవి. రాసింది జ్ఞానకుమారి. ఇల్లుగలవాళ్ళు తనూ, మొగుడు నోవహూ. మేడ మీద అద్దెకున్న శాలోమి వాళ్ళు ముగ్గురు. వెనకవాటాలో ఆటో తవిటయ్య, అతని భార్య. మోటారు మీటరుకు వచ్చిన కరెంటు బిల్లు తలకింత. నెలకు ఏడొందలు దాటేది కాదు. తలకు వంద. తగువు లేదు.

ఆవిడ చనిపోయిన వారానికి నోవహు తడిగుడ్డతో ఒక పేరు తుడిచేశాడు. చెరకు ఫ్యాక్టరీ కాటా దగ్గర ముప్పై ఏళ్ళు చేసినవాడు. లేని బరువు రాయడం అతనికి చేతకాదు.

నాలుగు నెలలు గడిచాయి. బిల్లు నెలనెలా పెరిగి ఈ నెల పదిహేను వందలైంది.

"తాగే నీళ్ళా, తగలేసే నీళ్ళా?" నోవహు శాలోమిని మెట్ల కిందే నిలేశాడు. "ఏడు తలలున్నప్పుడు లేని ఖర్చు ఆరు తలలకి ఏటి? తలకి రెండొందల యాభై. కట్టండి, లేదా ఒకటో తారీకుకి ఖాళీ సెయ్యండి."

"మావయ్యగారూ, మా గుంటకి పదో తరగతి పరీక్షలు. ఇప్పుడెక్కడికి పోతాం? అవే బట్టలు ఉతుకుతన్నాం, అవే గిన్నెలు తోముతన్నాం."

"మీటరు అబద్ధమాడదు."

"అయితే రేపు సెలవెట్టి ఇంట్లోనే ఉంటాను. మీ టేంకు నీళ్ళు ఎవరం ముట్టుకోం. వీధి బోరింగు కాడ తెచ్చుకుంటాం. మీటరునే అడగండి."

తవిటయ్య ఆటో తుడుస్తూ నవ్వాడు. "నానూ ముట్టుకోనమ్మా. సానం మానీడానికి ఇంతకన్నా సాకేటి?"

మర్నాడు ఒక్క కుళాయీ తిప్పలేదు. టేంకు ముప్పాతిక నిండే ఉంది. అయినా మధ్యాహ్నం రెండింటికి అలవాటుగా మోటారు వేసి నోవహు వసారాలో మడతకుర్చీలో కూర్చున్నాడు. పావుగంటలో నిండాలి.

గోవాడ ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి వచ్చింది. చెరకు క్రషింగు రోజులు. గాలి తియ్యగా, బరువుగా ఉంది. పైన నీళ్ళ చప్పుడు మొదట బోలుగా మోగి, తర్వాత సన్నబడి, గొణుగుడులోకి దిగింది. ఆ గొణుగుడు విని టేంకు ఎంత నిండిందో చెప్పగలిగింది జ్ఞానకుమారి ఒక్కతే. వంటింట్లోంచే కేకేసేది: "నిండిపోనాది, కట్టీండి!" శాలోమి మొగుడు ఒకసారి అలారం బిగిస్తానంటే నోవహు తోలేశాడు. "దీనికెందుకు, మనిషుంది."

ఆ కేక కోసం చెవి ఒగ్గాడు. కళ్ళు మూతపడ్డాయి.

వంటింట్లో బియ్యం కడుగుతున్నారు. గాజులు గిన్నెకు తగులుతున్నాయి. ఆవిడ తడి కాళ్ళతో వసారాలోకి వచ్చి కరివేపాకు రెబ్బ తుంపుకుంది. నిండిందా, అని అడిగాడు. ఇంకా లేదన్నట్టు తలాడించింది. ఇంకా లేదు. ఇంకాసేపు. పెరడు దాటి చెరకు తోటలోకి నడిచింది. నీళ్ళు పెంపుడు కుక్కలా ఆవిడ వెంట నడిచాయి. అతనూ నడిచాడు. కాళ్ళు చల్లబడ్డాయి.

నిజంగానే చల్లబడ్డాయి. కళ్ళు తెరిచాడు. నాలుగైంది. టేంకు మీంచి నీళ్ళు తాడులా పడుతున్నాయి. చెప్పులు గుమ్మం దాకా తేలిపోయాయి.

మెట్ల మీద శాలోమి ఖాళీ బిందెతో నిలబడి ఉంది. నీళ్ళకేసి చూసింది. అనడానికి తవిటయ్య ఉన్నాడు.

"బాబూ, ఇయ్యేల ఎవులు సానం సేసేరండి?"

"ఊరుకో అన్నయ్యా," అంది శాలోమి.

నోవహు మోటారు కట్టేశాడు. మీటరు చూడక్కర్లేకపోయింది. రోజూ ఆ వేళకు అందరూ పనుల్లో ఉంటారు, చూసి చెప్పేవాళ్ళు లేరు. రోజూ ఇలాగే కునుకు పట్టి, లేచి మోటారు కట్టేసరికి పెరడు తడి. పొద్దున శాలోమి బట్టలుతికిన నీళ్ళనుకున్నాడు.

టేంకు పొర్లితే చెప్పకుండా ఊరుకోని మనిషి, తను పోయేటప్పుడు మాత్రం చెప్పకుండా పోయింది. అందుకు ఆవిడను నోవహు ఇంకా క్షమించలేదు. తనను తాను క్షమించుకోవడం అతనికి ఎవరూ నేర్పలేదు.

సుద్దముక్క తీశాడు. ఆరు పేర్ల ఎదుటా తలా వంద వేశాడు. తుడిచిన చోట ఆవిడ పేరు మళ్ళీ రాశాడు. దాని ఎదుట తొమ్మిది వందలు.

"అత్తమ్మ వంతు ఎవరు కడతారు?" అంది శాలోమి మెల్లగా.

"నీకెందుకు? గుంటకి పరీక్షలన్నావు. పో, సదివించు."

"మరి ఖాళీ..."

"సదివించమన్నాను కదా."

"పోనీ, మా ఆయన్ని అలారం బిగించీమంటారా?"

నోవహు సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.

"అక్కర్లేదు. మనిషుంది."

మర్నాడు రెండింటికి మోటారు వేసి, కుర్చీని వంటింటి కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు.